పటిక, సున్నం, పరిశోధన

‘పరిశోధన’లోని ‘శుధ్’ ధాతువునకు శుద్ధి అని అర్థం. ఈ వ్యుత్పత్తి చెప్పినప్పుడల్లా మా ఆత్మకూరు పిల్లలు ఆవలించేవారు. అందుకు ఉదాహరణ అప్పటి మా జిల్లా పేరుమీదనే ఉన్నదని నాకు ఆలస్యంగా తెలిసింది.

1970లలో నాగపూరులోని ‘నీరి’ శాస్త్రజ్ఞులు ఫ్లోరైడు నీటిని శుద్ధిచేసే ‘నల్లగొండ పద్ధతి’ని రూపొందించారు. సరంజామా ఏమిటయ్యా అంటే, గడ్డం గీసుకొన్నాక రాసుకొనే పటిక, తమలపాకుకు పూసుకొనే సున్నం, కాస్త బ్లీచింగు పొడి! కలియబెట్టి, తేరనిచ్చి, వడకట్టుకోవడమే. బురదనీటి కుండలో మా నాయనమ్మ పటిక తిప్పడం ఎరిగినవాణ్ణి గనుక, “ఇంతమాత్రానికి శాస్త్రజ్ఞులెందుకు?” అని నవ్వుకొన్నాను.

అయితే బురద కంటికి కనబడుతుంది, ఫ్లోరైడు కనబడదు. తేటనీటిలో దాగిన దోషాన్ని కొలిచి, దానికి తగినంత పటిక వేయడమే వారి విద్య. నాయనమ్మ కుండలో లేనిది ఆ కొలతే.

మర్రిగూడ వైపు నుంచి వచ్చి మేనమామ ఇంట ఉండి చదువుకొన్న పిల్లవాడొకడు పద్యం శ్రావ్యంగా చదివేవాడు. నవ్వు వస్తే మాత్రం అరచేత నోరు మూసుకొనేవాడు. పళ్లమీది గోధుమరంగు చారలు పాచి అనుకొని, వేపపుల్లతో తోముకొమ్మని అందరి ఎదుటా మందలించాను. వాడు తలవంచుకొన్నాడు. కారణం తాగిన నీరని నాకు తెలిసేసరికి వాడు బడి దాటి వెళ్లిపోయాడు.

వ్యుత్పత్తి చెప్పినవాణ్ణి నేనే, శోధింపనివాణ్ణీ నేనే.