మొక్కలే అక్షరాలు... నేలే గోడ!

ఖాళీ గోడ కనిపిస్తే ఏదో ఒకటి రాయాలనిపించడం మనిషి బుద్ధి. బొగ్గుముక్కో, సుద్దముక్కో, రంగుడబ్బానో... చేతికి ఏది దొరికితే అది. కడియంలో మాత్రం ఆ పని మొక్కలతో చేస్తారు. దారినపోయేవాళ్లందరూ చూసే, ఎవరి సంతకమూ లేని ఆ పచ్చని వీధిచిత్రాల వెనక పెద్ద కథే ఉంది.

డిసెంబరు ఆఖరి వారం. మంచుతెర ఇంకా విడలేదు. రాజమహేంద్రవరం దాటి పదహారో నంబరు జాతీయ రహదారి మీద రావులపాలెం వైపు వెళ్తుంటే వేమగిరి దాటాక దారి రంగే మారిపోతుంది. అటూ ఇటూ నర్సరీలు. కనకాంబరాల దగ్గర్నుంచి కొబ్బరిమొక్కల దాకా, గుప్పెట్లో పట్టే కాక్టస్ నుంచి క్రేనుతో ఎత్తాల్సిన తాటిజాతి చెట్ల దాకా... వరసకట్టి నిలబడి ఉంటాయి.

ఆ వారం రోజుల్లో కడియపులంక నర్సరీల్లో ఒక వింత పని కనిపిస్తుంది. మొక్కలున్న కవర్లను చేతుల్లో, తట్టల్లో మోసుకొచ్చి ఒక్కొక్కటే నేలమీద పేరుస్తుంటారు కూలీలు. పక్కనే నిలబడి చూస్తే ఏమీ అర్థంకాదు. ఇక్కడో ఎర్రచార, అక్కడో పసుప్పచ్చ మూల, మధ్యలో ఖాళీ. మేడ ఎక్కి చూడండి... కొత్త సంవత్సరం అంకెలు! వాటి చుట్టూ పూలతీగ అంచు, కింద శుభాకాంక్షల అక్షరాలు. అన్నీ మొక్కలే.

ఏటా జనవరి ఒకటికి కడియం ఇలాగే పలకరిస్తుంది. స్వాతంత్ర్య దినం, గణతంత్ర దినం వస్తే మూడు రంగుల జెండా పరుచుకుంటుంది. దేశంలో నలుగురూ మాట్లాడుకునే విషయం ఏదైనా ఉంటే అదీ మొక్కల్లోకి దిగుతుంది. పల్లా వెంకన్న నర్సరీలాంటి చోట్ల తీర్చే ఈ ఆకృతుల ఫొటోలు పండగరోజు పేపర్లో చూడనివాళ్లు తక్కువే. న్యూయార్కులోనో బెర్లిన్‌లోనో గోడలమీద రంగులు చల్లి బొమ్మలేస్తే గ్రాఫిటీ అంటారు. కడియంలో దానికి పేరేమీ లేదు. పని మాత్రం ఉంది.

లంకమట్టి చలవ

ఈ పని ఇక్కడే ఎందుకు పుట్టిందో తెలియాలంటే ముందు కాళ్లకింది మట్టిని చూడాలి. కడియపులంక, బుర్రిలంక... పేర్లలోనే లంక ఉంది. గోదావరి వరదల్లో కొట్టుకొచ్చిన ఒండ్రు పేరుకున్న నేలలివి. ఎగువన కాస్త దూరంలోనే ధవళేశ్వరం. 1847లో మొదలుపెట్టి 1852లో ఆర్థర్ కాటన్ పూర్తిచేయించిన ఆనకట్ట అక్కడిదే. కాలవ పారింది. ఏడాది పొడవునా చేతికందే నీరు, వేలితో గుచ్చితే దిగే మట్టి... ఇక కావాల్సింది ఓపిక ఒక్కటే.

పూలతోటలు, పూల మార్కెట్, నర్సరీలు ఇక్కడ పక్కపక్కనే పెరిగాయి. అంటుకట్టడం, గూటీ కట్టడం ఇక్కడి పిల్లలకు చూపుతోనే అబ్బే విద్య. బెంగళూరులో లేఅవుట్ వేసినా, హైదరాబాద్‌లో ఫ్లైఓవర్ కట్టినా, ఒడిశాలో పార్కు పెట్టినా మొక్కల కోసం లారీ వచ్చేది ఈ దారికే. మొక్క కావాల్సినవాళ్లు రోడ్డుమీద వెళ్తూనే చూస్తారు గనక, ఆ రోడ్డుపక్క నేలే నర్సరీకి సైన్‌బోర్డు. సరుకునే అక్షరాలుగా మార్చి పెడితే అంతకంటే మంచి బోర్డు ఏముంటుంది?

మొదట వ్యాపారం కోసమే కావచ్చు. కానీ ఇప్పుడు మొక్క కొనే పనిలేనివాళ్లు కూడా పిల్లల్ని వెంటబెట్టుకుని బండి ఆపుకుని చూసిపోతున్నారు. వ్యాపారం దాటి అది ఊరి వేడుకైంది.

రంగుడబ్బా బదులు కోడిజుట్టు

గోడమీద బొమ్మ వేసేవాడికి ఏ రంగు కావాలంటే ఆ రంగు డబ్బాలో దొరుకుతుంది. మొక్కలతో అలా కుదరదు. ఎరుపు కావాలంటే ఎర్రాకు ఆల్టర్నాంథెరానో కోడిజుట్టు పూలో ఉండాలి. పసుపు కావాలంటే బంగారువన్నె డ్యూరాంటా. కాషాయానికి బంతి. తెలుపుకి చామంతి. ముదురు ఊదా, లేత ఆకుపచ్చ కలిసిన చోట కోలియస్. నీలం దగ్గరే చిక్కు. ఆకుల్లో నీలం దాదాపు దొరకదు, పూలలోనూ అరుదే. జెండా మధ్యలో అశోకచక్రం తీర్చాలంటే అసలు పరీక్ష అక్కడే.

ముందు కాగితం మీద బొమ్మ గీసుకుంటారు. నేల చదునుచేసి, తాడు పట్టి, కొలతలు పెద్దవిచేసి గీతలు దించుతారు. తర్వాత అంచు పేరుస్తారు. అంచు తప్పితే అక్షరం తప్పుతుంది. అంచులు కుదిరాక లోపల నింపడం. ఒకే ఎత్తున్న మొక్కలు ఏరాలి. ఒకటి పొట్టిదైనా, ఒకటి వంగినా పైనుంచి చూస్తే బొమ్మకు గుంట పడినట్టే. వాడిన మొక్కను తీసి ఇంకోటి పెట్టాలి. ఉదయం సాయంత్రం నీళ్లు పెట్టాలి. పేర్చేవాళ్లకు కనిపించేది మోకాళ్ల ముందున్న రెండు బారల నేల. మొత్తం బొమ్మ వాళ్ల కంటికి ఆనదు. ఒకప్పుడు మేడమీదున్న మనిషి కేకలేసి చెబితే సరిచేసుకునే పని ఇది. ఇప్పుడు డ్రోన్ ఎగరేసి ఫోన్లో చూసుకుంటున్నారు.

ఇంత చేస్తే అది నిలిచేది ఎన్నాళ్లు? కొద్దిరోజులే. పండగ దాటగానే అంకెలు విడిపోతాయి. అంచులో ఉన్న బంతిమొక్క ఎవరింటి గుమ్మం ముందుకో పోతుంది. అక్షరంలోని డ్యూరాంటా ఏ రోడ్డు మధ్య డివైడర్ మీదో నాటుకుంటుంది.

వాకిలి నేర్పిన పాఠం

నేలమీద గీత గీసి, లోపల రంగు నింపి, నాలుగు రోజుల్లో చెరిగిపోతుందని తెలిసీ అంత శ్రద్ధగా వేయడం... ఇదంతా ఎక్కడో చూసినట్టు లేదూ? ప్రతి తెలుగింటి వాకిట్లోనూ చూసిందే. ముగ్గు!

గోదావరి జిల్లాల్లో ధనుర్మాసం వచ్చిందంటే వీధి వీధంతా ఆడపిల్లలదే. తెల్లారుజామునే కల్లాపి చల్లి, చుక్కలుపెట్టి, గొబ్బెమ్మలకు చోటు వదిలి ముగ్గు తీరుస్తారు. ముగ్గుల పుస్తకం అంటే ప్రతి ఇంట్లోనూ ఒక పాత నోటుబుక్కు. పక్కింటి పిన్నిగారి దగ్గర కొత్తముగ్గు చూసి ఎక్కించుకోవడం, ఊరెళ్తే అత్తవారి వీధి ముగ్గులు దించుకు రావడం, ఆదివారం పేపర్లో వచ్చినవి కత్తిరించి అంటించడం... వీధిబొమ్మలు వేసేవాళ్ల సంఘం అంటూ ఒకటుంటే, దానికి పేరు లేకపోయినా, మన దగ్గర అది ఎప్పట్నుంచో నడుస్తోంది.

కనుమనాడు వేసే రథం ముగ్గు గుర్తుందా? రథం గీసి వదిలేయరు. దాని తాడును వీధిలోకి లాగి పక్కింటి రథానికి కలుపుతారు. వాళ్లు ఆ పక్కింటికి. అలా ఒక గీత ఇల్లిల్లూ దాటుకుంటూ వీధి చివరిదాకా పోతుంది. కింద ఎవరూ పేరు రాయరు. అయినా ఏ ముగ్గు ఎవరు వేశారో వీధికంతటికీ తెలుసు.

గోడలు మాట్లాడిన రోజులు

ముగ్గు నేలదైతే గోడలది ఇంకో కథ. సున్నం వేసి, అడుగున జాజుతో పట్టీ తీర్చిన మట్టిగోడల మీదికి ఒక్కొక్కటిగా అక్షరాలు ఎక్కాయి. కుటుంబ నియంత్రణ ఎర్రత్రికోణం, పల్స్‌పోలియో చుక్కలు, ఎరువుల కంపెనీ ప్రకటనలు, సిమెంటు బస్తా బొమ్మలు, సినిమా పేర్లు... ఎన్నికలొస్తే పార్టీ గుర్తులు. రైల్లో కూర్చుని కిటికీలోంచి గోడలు చదువుకుంటూ అక్షరాలు నేర్చిన పిల్లలు ఎందరో!

వాటిని రాసిన పెయింటరు ప్రతి ఊళ్లోనూ ఉండేవాడు. దారానికి సుద్దపొడి రాసి, రెండువైపులా బిగించి పట్టి టప్పున వదిలితే గోడమీద తిన్నటి గీత పడేది. ఆ గీతల మధ్య బద్దకుంచెతో ఒక్క దెబ్బకు అక్షరం వంపు తిరిగేది. నరసాపురంలో 1933లో పుట్టిన బాపు అక్షరాలంటే వాళ్లలో చాలామందికి ప్రాణం. పెళ్లిశుభలేఖల మీదా, కొట్ల బోర్డుల మీదా ఆ వంపులు దిగిపోయాయి. రాసినవాడు కింద ఓ మూల సన్నటి అక్షరాలతో ‘ఫలానా ఆర్ట్స్’ అని తన గుర్తు వదిలేవాడు. బోర్డు మొత్తంలో అతనికి దక్కిన చోటు అంతే.

గోడయజమానిని అడగకుండా రాసే రాతలూ ఎక్కువే. వాటిని అరికట్టడానికి 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బహిరంగ స్థలాలను పాడుచేయడాన్ని నిషేధిస్తూ చట్టమే వచ్చింది. కానీ పెయింటరు చేతిని కట్టేసింది చట్టం కాదు... ఫ్లెక్సీ. 2000 తర్వాతి ఏళ్లలో అది ఊరూరా పాకింది. రెండురోజులు పట్టే బోర్డు గంటలో అచ్చయి బయటికొస్తుంటే కుంచె ఏం చేస్తుంది? కొందరు ఇళ్లకు రంగులు వేసే పనికి మళ్లారు. ఇంకొందరు బండి నంబరు ప్లేట్లతో సరిపెట్టుకున్నారు. ఫ్లెక్సీల ప్లాస్టిక్ మీద ఆందోళన పెరిగి, వాటిని నిషేధిస్తున్నట్టు 2022 ఆగస్టులో విశాఖపట్నంలో అప్పటి ముఖ్యమంత్రి ప్రకటించారు. అప్పటికే చాలా ఊళ్లలో కుంచె పట్టే చెయ్యి అలవాటు తప్పిపోయింది.

పేరు కోసమా... ఊరి కోసమా?

ప్రపంచంలో గ్రాఫిటీ ఊపందుకుంది పేరుతోనే. న్యూయార్కులో టాకీ అనే కుర్రాడు కొరియర్ పనిమీద ఊరంతా తిరుగుతూ, తన పేరు పక్కన తానుండే వీధి నంబరు 183 చేర్చి కనిపించిన చోటల్లా రాశాడు. 1971లో న్యూయార్క్ టైమ్స్ అతని గురించి రాసింది. అంతే... నగరంలో ఎందరో పిల్లలు మార్కర్లు పట్టారు. మమ్మల్నీ చూడండి, మేమూ ఈ ఊళ్లో ఉన్నాం అని చెప్పుకోవడమే ఆ రాతల సారం.

మన దగ్గర గోడబొమ్మలకు కొత్త గౌరవం ఈమధ్యే వచ్చింది. హైదరాబాద్‌లో ఖైరతాబాద్ పక్కనున్న ఎం.ఎస్.మక్తా బస్తీ గోడలు 2016లో స్టార్ట్ ఇండియా సంస్థ ఉత్సవంతో కొత్త రంగులు పూసుకున్నాయి. నిన్నటిదాకా ఎవరూ తొంగిచూడని సందుల్లోకి కెమెరాలు పట్టుకుని జనం వచ్చారు. స్వాతి, విజయ్ దంపతులు వేసే తెలంగాణ పల్లె ఆడవాళ్ల బొమ్మలు ఎంత దూరం నుంచి చూసినా వాళ్లవేనని గుర్తుపట్టొచ్చు.

మరి కడియం అక్షరాలు ఎవరివి? పేపర్లో నర్సరీ పేరు వస్తుంది. అది న్యాయమే. ఖర్చు వాళ్లది, ఆలోచన వాళ్లది. కానీ మంచులో వంగి కూర్చుని, నడుం పట్టేసినా వరస తప్పకుండా వేల మొక్కలు పేర్చిన చేతులు... వాటికి ఫొటోలో చోటుండదు. డ్రోన్ పైకి లేచే ముందు బొమ్మ ఖాళీగా కనిపించాలని అందరూ పక్కకు తప్పుకొంటారు కదా! పాత పెయింటరుకు కనీసం బోర్డు మూలన జానెడు చోటుండేది. వీళ్లకు అదీ లేదు.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఇంత పచ్చదనమూ నిలబడి ఉన్నది నల్ల ప్లాస్టిక్ కవర్లలోనే. ఫ్లెక్సీ చేయలేని పని మొక్క చేస్తోందని సంబరపడేటప్పుడు అదీ మరచిపోకూడదు. అయితే తేడా ఒకటుంది. పండగైపోయిన ఫ్లెక్సీ చెత్తకుప్పకు పోతుంది. పండగైపోయిన అక్షరం వేరుపట్టి పెరుగుతుంది.

2020లో లాక్‌డౌన్ పడి లారీలు ఆగిపోయినప్పుడు అమ్ముడుపోని మొక్కల మధ్య నర్సరీలు దిగులుగా గడిపాయి. కొనేవాళ్లు లేకపోయినా నీళ్లు పెట్టక తప్పదు. మొక్కకు సెలవు ఉండదు. ఆ గడ్డురోజులు దాటాక మళ్లీ జనవరి వచ్చింది... మళ్లీ అంకెలు పరుచుకున్నాయి. అందుకే ఇక్కడివాళ్లకు ఆ అంకెలు ఉత్త అలంకారం కాదు. ఈ ఏడూ ఉన్నాం, రండి అని దారినపోయేవాళ్లకు చెప్పే కబురు. ఆలోచిస్తే న్యూయార్క్ కుర్రాడు గోడమీద రాసిందీ అదేగా!

ఈసారి కడియం మీదుగా వెళ్తూ ఆ అక్షరాల దగ్గర ఫొటో దిగితే ఒక్క నిమిషం ఆగండి. పక్కనే పైపు పట్టుకుని నీళ్లు పెడుతున్న మనిషిని ఇందులో మీరు పేర్చిన వరస ఏదని అడిగి చూడండి. రథం ముగ్గు వేసినవాళ్ల పేరు వీధికంతా తెలిసినట్టు, ఈ బొమ్మ తీర్చిన చేతుల పేరు చూసేవాళ్లలో ఒక్కరికైనా తెలియాలిగా!

ఇలా వెళ్లొచ్చు...

రాజమహేంద్రవరం నుంచి కడియం, కడియపులంక పది పన్నెండు కిలోమీటర్ల దూరం. బస్సులు, ఆటోలు తిరుగుతుంటాయి. రైల్లో వచ్చేవాళ్లు రాజమహేంద్రవరంలో దిగడం సుఖం. కడియంలోనూ స్టేషన్ ఉంది. విమానంలో అయితే మధురపూడి వరకూ రావచ్చు. నర్సరీలు ఏడాది పొడవునా చూడొచ్చుగానీ పూలరంగులు నిండుగా ఉండేది చలికాలంలోనే. జనవరి ఒకటికి అటూ ఇటూ వెళ్తే మొక్కల ఆకృతులు కనిపిస్తాయి. వెళ్లేదారిలోనే ధవళేశ్వరం ఆనకట్ట, కాటన్ మ్యూజియం కూడా చూసిరావచ్చు. ఒక్క షరతు... బొమ్మ దగ్గర పిల్లల చెయ్యి వదలకండి. ఒక్క మొక్క కదిలినా అక్షరం చెదిరిపోతుంది!