రీక్ హావక్, రెక్ హావక్ కాదు

బెంగళూరులో గట్టి వాన పడితే మరుసటి రోజు ఇంగ్లీషు పేపర్లలో ఒక మాట తప్పదు: వాన 'రీక్స్ హావక్'. కన్నడ పేపర్లయితే 'మళె అవాంతర' అంటాయి. మా జేజికి ఈ రెండోది వింటే నవ్వు. తెలుగులో అవాంతరమంటే అడ్డంకే కదా, ముహూర్తం మార్చుకుంటే సరిపోతుంది! తెలుగు పేపర్లవాళ్ళది బీభత్సం. అది నవరసాల్లో ఒకటి, అసలు అర్థం ఏవగింపు.

ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడ, ఐదో క్లాసులో ఏబీసీడీలు. అట్లా పెరిగిన మేము ఇంగ్లీషు మాటల్ని చెవితో కాదు, స్పెల్లింగుతో పట్టుకున్నాము. అందుకే ఈ తేడా మాకు కనపడుతుంది. రెక్ అంటే నుజ్జు చేయడం. ఓడకో, బండికో అది సరే. హావక్ అంటేనే నాశనం, దాన్ని మళ్ళీ నుజ్జు చేసేదేముంది? అక్కడ ఉండాల్సింది రీక్, డబ్ల్యూ ఆర్ ఇ ఎ కె. దానికి పాత అర్థం పగ తీర్చుకోవడం. హావక్ పాత ఫ్రెంచి నుంచి వచ్చింది, ఇక దోచుకోండని సైనికులకు ఇచ్చే కేక. జరిగిపోయినదానికి రీక్డ్ అంటే చాలు. డబ్ల్యూ వదిలేసి రెండు ఇ-లు రాస్తే మాత్రం కంపుకొట్టడం అవుతుంది. రాజకాలువ పొంగిన ఇంటికి అదీ నిజమే అనుకోండి.

2022 సెప్టెంబరు మొదటి వారంలో బెళ్ళందూరు, యమలూరు మునిగి, ఐటీవాళ్ళు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు పోయినారే, అప్పుడు సర్జాపుర రోడ్డు పక్క సందులో మా చిన్నాయన ఇంట్లోకీ మోకాలి లోతు నీళ్ళొచ్చినాయి. ఇన్సూరెన్సు లెటరు తమ్ముడు రాసినాడు, 'రెక్డ్ హావక్' అని. మేము స్పెల్లింగు దిద్ది, అసలు ఆ వాక్యమే తీసేద్దామన్నాము. సాఫ్ట్‌వేర్ టెస్టింగులో మాకు అలవాటయింది అదే: ఘోరం అని రాస్తే ఎవరూ కదలరు, ఏది ఎంత పాడయిందో రాయాలి.

"ఉండనీరా, కష్టం తెలియాలి కదా" అన్నాడు చిన్నాయన.

సరే, ఆ వాక్యం ఉంచి కింద రాసినాము: నీళ్ళు రెండడుగులు, ఫ్రిజ్జు, వాషింగ్ మెషిను, రెండు పరుపులు. జేజి ట్రంకు పెట్టెకు ఫారంలో గడి లేదు. చిత్తూరు నుంచి తాత రాసిన కార్డులు అందులోనే ఉండేవి. సిరా చాలావరకు కరిగిపోయింది. చదవడానికి వీలయినవి పదకొండు. ఆరబెట్టి స్కాన్ చేసినాము, వచ్చే నెల నుంచి ఒక్కొక్కటే ఇక్కడ పెడతాము.