వానకోవెలయు దాని మట్టియిల్లును

ఆకసమున గిరికీలు కొట్టు చిన్న నల్లపిట్టల నన్నిటిని మా పేటవారు వానకోవెలలనియే పిలుతురు. నిజమునకు వీనిలో రెండు వేఱు జాతులు గలవు. వీని గూళ్లు మన యిండ్ల కప్పుల క్రిందనే యుండును గనుక భేదము నెఱుగుట స్త్రీలకు ముఖ్యము.

హైదరాబాదున గుడిమల్కాపురమందు పూలమార్కెట్టునకు జేరువను మేము కాపురముందుము. పూలపై జల్లిన నీరు జారి బురదయైనచోట వేసవి వేకువల నీ పక్షులు వ్రాలి, ముక్కులతో మట్టిముద్దలను గొనిపోవును.

తీగపై వరుసగా గూర్చుండునది వానకోవెల. కొడవలివంటి సన్నని రెక్కలును, తెల్లని గొంతును, తెల్లని నడుమును గల వేఱొక పిట్ట తీగపై నెన్నడును గూర్చుండదు. గోడలనే పట్టుకొని వ్రేలాడును. అది యీకలను, గడ్డిని తన యుమ్మితో నతికించి గూడు కట్టును.

వానకోవెలలును పలువిధములు. నొసలు, గొంతు ఎఱ్ఱనైనది శీతకాలమున వచ్చి పోవు అతిథి. నెత్తి ఎఱుపు, పొట్ట తెలుపు, తోకనుండి రెండు సన్నతీగలు గలది నీటిపట్టుల నుండును. వీపు నీలినలుపు, నడుము ఇటుకవన్నె, రొమ్మున సన్నచాఱలు, కత్తెరవంటి తోక గలది మా వసారాలోని పిట్ట. 1931లో సాలిం అలీగారు పక్షులను బరిశీలించుటకై హైదరాబాదు సంస్థానమంతయు దిరిగిరి; మాకు వసారాయే చాలినది.

దీని గూడు కూజాను అడ్డముగా గప్పున కతికించినట్లుండును. మెడవంటి సన్నత్రోవయే వాకిలి. ఆలుమగలు రెండును గలసియే కట్టును. గ్రుడ్లను పొదుగుటకు రెండు వారములు, పిల్లల కెగురుట వచ్చుటకు మఱి మూడు వారములకు పైగా పట్టును.

మొన్నటి జ్యేష్ఠమున మా ఆడుబిడ్డ పెండ్లికి సున్నము వేయించుచుంటిమి. మట్టి రాలుచున్నదని అత్తగారు గూటిని దీసివేయుమనిరి. పనివాడు కఱ్ఱ నెత్తెను. మేము వానిని క్షణకాల మాగుమంటిమి. అంతలో తల్లిపిట్ట పురుగును గఱచుకొని వచ్చెను. లోపల పిల్లలు కిచకిచలాడినవి. అత్తగారు కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, “పురిటింటి నెవరు పడగొట్టుదురు? ఆ మూల విడిచిపెట్టు నాయనా” అనిరి.

సున్నము చాలలేదా యని మగపెండ్లివారు నవ్విరి. మావారు మాటాడక పైకి జూపిరి. పదునెనిమిదవనాడు పిల్లలు ఎగిరిపోయినవి. గూటిని మాత్ర మట్లే యుంచితిమి; పాతగూటిని బాగుచేసికొని మరల వాడుకొనుట వీని యలవాటు.

కావున సోదరీమణులారా, సున్నమునకు ముందు కప్పువంక నొక్క గడియ చూడుడు. పక్షులు మేత తెచ్చుచున్నచో మూరెడు చోటు విడువుడు. రెట్ట పడకుండ క్రింద నొక పలక గట్టిన జాలును.