వెనుక సీటు

మా పెద్దబ్బాయి ఇంజనీరింగు మూడవ సంవత్సరంలో అడుగుపెట్టినప్పటి నుండి, మా ఇంట్లో దస్తర్‌ఖాన్ పరచిన ప్రతి రాత్రీ బండి మాటే. కళాశాల మా నంద్యాల ఇంటికి 18 కిలోమీటర్ల దూరం. బస్సు దిగాక మరో 2 కిలోమీటర్లు నడవాలి. బండి అవసరమన్న విషయంలో మా దంపతులకు భేదాభిప్రాయం లేదు. అయితే వాడి మనసు యమహా ఆర్15 మీద ఉంది. చూడకుండానే కాదనడం న్యాయం కాదనిపించి, ఒక ఆదివారం అసర్ నమాజు తరువాత ముగ్గురం కలిసి షోరూముకు వెళ్ళాము.

నిజం చెప్పాలి. ఆ బండి అందంగా ఉంది. అందాన్ని ఇష్టపడటం తప్పు కాదు. గుర్రాలనూ కంచర గాడిదలనూ స్వారీ కొరకే కాక శోభ కొరకు కూడా సృష్టించినట్లు దివ్య ఖుర్ఆన్ నహ్ల్ సూరా తెలుపుతోంది. మంచి దుస్తులు, మంచి చెప్పులు కోరుకోవడం అహంకారమా అన్న సందేహం వచ్చినప్పుడు, సత్యాన్ని తిరస్కరించడం, తోటివారిని చిన్నచూపు చూడటమే అహంకారమని దైవప్రవక్త (స) వివరించారు. కనుక సొగసైన బండి అనే కారణంతో వాడిని మందలించే అధికారం మాకు లేదనుకున్నాము.

మాలో ఒకరు బుర్ఖాతోనే వెనుక సీటు ఎక్కబోయారు. సీటు ఎత్తుగా, ఇరుకుగా, ముందుకు వాలి ఉంది. ఒకవైపు కాళ్ళు వేసుకుని కూర్చోవడం కుదిరే పని కాదు. వెనుక కూర్చునేవారికి పట్టుకునేందుకు పిడి, కాళ్ళు పెట్టుకునే ఆధారం, వెనుక చక్రంలో కనీసం సగభాగాన్ని కప్పే రక్షణ ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన చెబుతోంది. చక్రంలో బట్టలు చిక్కుకోకుండా చేసిన ఏర్పాటు అది. ఏర్పాటు ఉన్నా, కూర్చునే తీరు కుదరకపోతే బుర్ఖా అంచు మీదే మనసంతా ఉంటుంది. వాడు ఎక్కువగా ఒంటరిగానే వెళతాడు, నిజమే. కానీ ఇంట్లో ఉండేది ఒక్క బండి. ఆస్పత్రికైనా, చెల్లెలి పరీక్షకైనా అదే దిక్కు.

పెట్రోలు లెక్క కూడా వేశాము. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే, లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే బండికి సుమారు 22 లీటర్లు, 60 ఇచ్చే బండికి 17 లీటర్లు కావాలి. నెలకు 5 లీటర్ల తేడా. పెద్దలు భయపెట్టినంత పెద్ద తేడా కాదది. అసలు చిక్కు కొనడంలోనే ఉంది. బండి రోడ్డెక్కేసరికి అప్పటి ధరలో 2 లక్షలు దాటేది. మా వద్ద మూడేళ్ళుగా కూడబెట్టిన 1,10,000 రూపాయలున్నాయి. మిగిలిన లక్షకు ఫైనాన్సు ఉందన్నారు. 11 శాతం ఫ్లాట్ వడ్డీ, 36 నెలలు. అంటే వడ్డీ 33,000, నెలకు దాదాపు 3,700. సగం అసలు తీరిపోయినా వడ్డీ మాత్రం పూర్తి లక్షకే పడుతుంది. తగ్గుతున్న బాకీ మీద లెక్కిస్తే అది 20 శాతానికి దగ్గరవుతుంది. అయినా శాతం ఎంతన్నది మాకు రెండవ మాట. వడ్డీ ఒక్క రూపాయైనా హరామే. ఆ మాటే వాడితో అన్నాము.

ఆ రాత్రి వాడు తలవంచుకుని, నెమ్మదిగా అడిగాడు. "అబ్బా, మీ నికాహ్‌లో నానా మీకు బండి ఇచ్చారు కదా. ఆ డబ్బు ఎక్కడిది?"

మాకు నోట మాట రాలేదు. 2001లో మా నికాహ్ జరిగింది. అత్తవారు 42,000 రూపాయల బండి ఇచ్చారు. అడిగి తీసుకున్నదే అది. వరుడు వధువుకు మహర్ ఇవ్వాలన్నది ధర్మం. వధువు తండ్రి వరునికి బండి ఇవ్వడం మన సమాజం తలక్రిందులుగా నేర్చుకున్న ఆచారం. ఆనాడు మాలో ఒకరికి ఆ బండి ఆనందం, మరొకరికి తండ్రి నెత్తిన అప్పు. ఆయన రెండు గేదెలను అమ్మి, చాలనిదానికి వడ్డీకి తెచ్చారని, తీర్చడానికి మూడేళ్ళు పట్టిందని, ఆయన మరణించాక పద్దుపుస్తకం తెరిచినప్పుడు గాని మాకు పూర్తిగా తెలియలేదు. వడ్డీ వద్దని కొడుకుకు బోధిస్తున్న మేమే ఒక వృద్ధుణ్ణి వడ్డీ ఊబిలోకి నెట్టాము. వాడికి అన్నీ దాచకుండా చెప్పాము.

వాడు కాసేపు మౌనంగా ఉండి, "నానీకి తిరిగి ఇచ్చారా?" అన్నాడు. ఇవ్వలేదు. ఇవ్వాలన్న ఆలోచన కూడా ఇన్నేళ్ళలో మాకు రాలేదు.

మరుసటి వారం 62,000 రూపాయలకు, ఒకే యజమాని చేతిలో నడిచిన 100 సి.సి. బండిని చూశాము. ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించాము. చాసిస్ నంబరును ఆర్.సి.తో పోల్చుకున్నాము. పాత ఫైనాన్సు తీరిందనడానికి ఫారం 35, పేరు మార్పుకు 29, 30 ఫారాలపై సంతకాలు తీసుకున్నాము. పేరు మార్పుకు, బీమాకు, ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్న రెండు హెల్మెట్లకు 6,000 పక్కన పెట్టాము. సరిగ్గా 42,000 మిగిలాయి.

ఆ సొమ్ము తీసుకుని ముగ్గురం వాడి నానీ ఇంటికి వెళ్ళాము. ఆమె కాసేపు నోట్ల వైపే చూస్తూ కూర్చున్నారు. "ఆయన ఏనాడూ అడగలేదు," అన్నారు. తరువాత కొంగున ముడివేసుకున్నారు. మా తప్పు తుడిచిపెట్టుకు పోయిందని మేము అనుకోవడం లేదు. క్షమించేవాడు అల్లాహ్.

ఇప్పుడు వాడు స్వారీ దుఆ చదివి బండి తీస్తాడు. వెనుక సీటులో తల్లి, ఒక్కోసారి నానీ కూర్చుంటారు. రోడ్డుపై ఆర్15 వెళితే వాడి చూపు ఇంకా అటు తిరుగుతుంది. దాన్ని మేము తప్పు పట్టము. ఉద్యోగం వచ్చాక, స్వార్జితంతో, వడ్డీ లేకుండా కొంటానంటున్నాడు. ఇన్షాఅల్లాహ్, కొనుక్కోమన్నాము.

"నా నికాహ్‌లో మాత్రం ఎవరి దగ్గరా బండి అడగకండి," అన్నాడు వాడు. ఆ మాట మేము వాడికి చెప్పవలసింది. మాకంటే ముందు వాడే చెప్పాడు.