కింద నుంచి తీసేదానికి చట్టం ఉంది, కింద పెట్టేదానికి?

పోస్ట్ కొంచెం పొడుగుంటది, ఓపికగా చదవండి.

పోయిన సెమిస్టర్‌లో మా రూంలో ఇద్దరికి కలిపి ఒక సెమినార్ టాపిక్ ఇచ్చారు: కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి భూమి లోపల దాచడం. కరెంటు ప్లాంటు పొగను ఒక రసాయన ద్రవం గుండా పంపితే అది ఆ గ్యాస్‌ను పట్టుకుంటది. ఆ ద్రవాన్ని వేడిచేస్తే గ్యాస్ విడిగా వస్తది. దాన్ని బాగా ఒత్తిడి చేసి, పైపుల్లో తీసుకుపోయి, బోరు వేసి దాదాపు 800 మీటర్లకు పైగా లోతులోకి దింపుతారు. అక్కడ ఇసుకరాయిలో కంటికి కనపడని సందులుంటాయి, ఉప్పునీళ్లతో నిండి. గ్యాస్ ఆ సందుల్లో చేరుతది. పైన గట్టి రాతి పొర మూతలాగా ఆపుతది. నార్వే వాళ్లు సముద్రం కింద 1996 నుంచి ఇదే చేస్తున్నారు, ఏడాదికి సుమారు 10 లక్షల టన్నుల దాకా. గాలిలోకి వదిలితే పన్ను కట్టాలని అక్కడి ప్రభుత్వం 1991లోనే చట్టం తెచ్చింది కాబట్టి కంపెనీకి దాచడమే మేలైంది.

సెమినార్ బాగా చెప్పినం, మార్కులు వచ్చినయి. పండక్కి ఊరికి పోయినప్పుడు తాతకి కూడా గొప్పగా చెప్పినం. మాది బొగ్గు బావుల పక్క ఊరు. తాత అంతా విని ఒక్కటే అడిగిండు: "బొగ్గు తీసేటప్పుడు మమ్మల్ని ఎవ్వరూ అడగలే. పెట్టేటప్పుడన్నా అడుగుతరా?"

మాకు జవాబు రాలేదు. హాస్టల్‌కి తిరిగొచ్చాక మార్కుల కోసం కాకుండా, ఆ ఒక్క ప్రశ్న కోసం మళ్లీ చదివినం.

అమెరికాలో దీనికి 2010లో ప్రత్యేక నిబంధనలు తెచ్చారు. తాగునీటిని కాపాడే చట్టం కింద ఈ బోర్లను 'క్లాస్ 6' అని విడిగా పెట్టారు. బోరు వేయకముందు చుట్టుపక్కల పాత బోర్లన్నీ వెతకాలి. ఎందుకంటే సరిగా మూయని పాత బోరు గ్యాస్ పైకి రావడానికి దారి అయితది. గ్యాస్ లోపల ఎటు పోతుందో చూస్తూ ఉండాలి. ప్రమాదం జరిగితే ఖర్చుకు డబ్బు ముందే చూపించాలి. పంపడం ఆపేశాక కూడా మామూలుగా 50 ఏళ్లు కాపలా ఉండాలి. అంటే ఇప్పుడు ఇరవై ఏళ్లున్న మాకు అప్పటికి డెబ్బై దాటుతది.

ఇన్ని నిబంధనలున్నా ఇల్లినాయ్ రాష్ట్రంలో డెకటూర్ దగ్గర, గ్యాస్‌ను గమనించడానికి వేసిన బావిలోనే గొట్టం తుప్పు పట్టింది. ద్రవం అనుమతి ఉన్న పొర దాటి పోయిందని 2024లో బయటపడింది. తాగునీళ్లు పాడైనట్టు తేలలేదు. కానీ కాపలా బావికీ కాపలా కావాలని అర్థమైంది.

ప్రమాదం లోపలే కాదు, దారిలో కూడా ఉంది. మిసిసిపీ రాష్ట్రంలో సటార్షియా అనే చిన్న ఊరి దగ్గర 2020 ఫిబ్రవరి 22న కార్బన్ డయాక్సైడ్ పైపు పగిలింది. వానలకు మట్టి జారి పైపు తెగింది. ఈ గ్యాస్ గాలి కన్నా బరువు, పల్లంలోకి పాకుతది. ఊపిరాడక జనం పడిపోయారు, కార్ల ఇంజన్లు ఆగిపోయాయి. సుమారు 200 మందిని ఊరు దాటించారు, 45 మంది ఆసుపత్రి పాలయ్యారు. అదృష్టం, ఎవరూ చనిపోలేదు. వానలకు గుట్ట జారడం మన ఏజెన్సీ వాళ్లకు కొత్త కాదు కదా.

మరి ఆ రాతి సందులు ఎవరివి? నార్త్ డకోటాలో పైన భూమి ఎవరిదో కింద సందులూ వాళ్లవే. అయితే 60 శాతం మంది యజమానులు ఒప్పుకుంటే మిగతా వాళ్లవి కూడా కలిపేయొచ్చు. ఇక్కడ ఒక్క క్షణం ఆగి మన పోడు పట్టా గురించి ఆలోచించండి. అది పై మట్టికేనా, కింద రాయికి కూడానా?

మనకు 1996 పెసా చట్టం ఉంది. షెడ్యూల్డ్ ఏరియాలో భూమి సేకరించే ముందు గ్రామసభనో పంచాయతీనో సంప్రదించాలి. 1997 సమత తీర్పు ఉంది. ఏజెన్సీలో ప్రభుత్వ భూమిని ప్రైవేటు మైనింగ్ కంపెనీలకు లీజుకివ్వకూడదు. కానీ ఇవి భూమి తీసుకోవడం గురించి, ఖనిజం తవ్వడం గురించి. పైన ఎకరం కూడా తీసుకోకుండా, ఏమీ తవ్వకుండా, పక్క మండలంలో బోరు వేసి మన కిందికి గ్యాస్ పంపితే? గ్యాస్ దాచడానికంటూ మన దేశంలో విడిగా చట్టం ఇంకా రాలేదు. నీతి ఆయోగ్ 2022 నివేదికలో మాత్రం దాచే చోట్లలో తవ్వడానికి వీల్లేనంత లోతు బొగ్గు పొరల మాట కూడా ఉంది. రేపే మన ఊరికి వస్తదని మేము చెప్పడం లేదు. ఈ పనే వద్దని కూడా అనడం లేదు. వేడి పెరిగితే ముందు ఎండేది మన వాగులే. చట్టం రాసే టైంలోనే మన మాట అందులో ఉండాలంటున్నాం, అంతే.

అందుకే గ్రామసభలో అడగడానికి నాలుగు ప్రశ్నలు రాసుకున్నాం:

1. కింద రాతి పొరకు హక్కుదారు ఎవరు? గ్రామసభ వద్దంటే ఆగుతదా?
2. మన పాత బోర్లు, మూసేసిన బొగ్గు బావులు అన్నీ లెక్కలోకి తీసుకున్నారా?
3. పైపు పగిలితే ఊరికి ఎవరు చెప్తారు, ఏ భాషలో?
4. కంపెనీ పోయాక 50 ఏళ్ల కాపలా ఎవరిది?

వీటికి ఇంకేం కలపాలో కామెంట్లలో రాయండి. లా చదివే అన్నలు, అక్కలు తప్పులుంటే సరిచేయండి. మళ్లీ ఊరికి పోయేసరికి తాతకి చెప్పడానికి ఏదో ఒక జవాబు కావాలి.

జై ఆదివాసీ.