నాచుకూ మనకూ ఒకే ఋణం

బాక్టీరియా అనే మాట వినగానే మీ మనసులో మెదిలేవి జ్వరాలు, చీము, విరేచనాలు. అందుకు మిమ్మల్ని తప్పుపట్టలేను. ముప్పై ఏళ్ళకు పైబడిన ప్రభుత్వ వైద్యసేవలో నేను వాటిని ఎదుర్కొన్నది ఎక్కువగా శత్రువులుగానే. అయితే రోగాలు కలిగించే బాక్టీరియాలు బహుకొద్ది. మిగిలినవి నేలలోను, నీటిలోను తమ పని తాము చేసుకుపోతుంటాయి. వాటి పనుల్లో ఒకటి మన నెత్తురుకు, నరాలకు ప్రాణాధారం. ఈ వ్యాసంలో చెప్పదలచినది ఆ సంగతే.

ముందు మనకు తెలిసిన నేలతో మొదలుపెడదాం. వేరుశనగ మొక్కనో మినుము మొక్కనో మెల్లగా పెకలించి, వేళ్ళు కడిగి చూడండి. చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయి. అవి తెగులు కాదు, రైజోబియం జాతి బాక్టీరియాలు కాపురముండే గదులు. వేరు ఫ్లేవనాయిడ్లనే రసాయనాలను మట్టిలోకి వదులుతుంది. వాటిని పసిగట్టిన బాక్టీరియా తన సంకేతాన్ని తిరిగి పంపుతుంది. అది అందగానే వేరు మీది నూగు ఒంపు తిరిగి, బాక్టీరియాను లోనికి తీసుకుంటుంది. గాలిలో 78 శాతం నత్రజని ఉన్నా మొక్క దానిని నేరుగా వాడుకోలేదు. బాక్టీరియా దానిని అమ్మోనియాగా మార్చి ఇస్తుంది; మొక్క బదులుగా బాక్టీరియాకు ఆహారం పెడుతుంది.

చక్కగా పనిచేస్తున్న బుడిపెను కోస్తే లోపల లేత ఎరుపు కనిపిస్తుంది. ఆ రంగు లెగ్‌హీమోగ్లోబిన్ అనే మాంసకృత్తుది. మన రక్తంలోని హీమోగ్లోబిన్‌కు అది దూరపు బంధువు. నత్రజనిని మార్చే ఎంజైము ప్రాణవాయువు తగిలితే చెడిపోతుంది; కాని బాక్టీరియా శ్వాసించడానికి ప్రాణవాయువు కావాలి. ఆ ఎర్రని పదార్థం ప్రాణవాయువును పట్టి ఉంచి, కొద్దికొద్దిగా అందిస్తూ ఈ చిక్కును తీరుస్తుంది. వరి కోసిన మాగాణిలో మినుము, పెసర చల్లే మన రైతులకు ఈ రసాయనశాస్త్రంతో పని లేకపోయినా, పప్పుజాతి పైరు తరువాత భూమి బలపడుతుందని తరతరాలుగా తెలుసు.

సముద్రంలోనూ ఇటువంటి పొత్తులున్నాయి. తీరపు రాళ్ళను అంటుకొని, లేత ఆకుకూరలా పలుచగా పరచుకొనే ఉల్వా అనే ఆకుపచ్చ నాచు ఉంది. ప్రయోగశాలలో దాని మీది బాక్టీరియాలన్నిటినీ తొలగించి పెంచితే అది ఆకు రూపం దాల్చదు. కణాల ముద్దగా మిగిలిపోతుంది. తగిన బాక్టీరియాలను తిరిగి చేర్చితే సక్రమంగా పెరుగుతుంది. అయితే ఈ పొత్తులు ఎల్లప్పుడూ స్నేహాలే అనుకోకండి. ఎమిలియానియా హక్స్‌లీ అనే ఏకకణ నాచును అంటిపెట్టుకొని ఫియోబాక్టర్ అనే బాక్టీరియా బ్రతుకుతుంది. నాచు ఆరోగ్యంగా ఉన్నంతకాలం దాని ఎదుగుదలకు తోడ్పడే పదార్థాలనిస్తుంది. నాచు ముదిరి శిథిలమవుతున్న సూచన అందగానే అదే బాక్టీరియా విషాలను తయారుచేసి దానిని చంపుతుందని ప్రయోగాలలో తేలింది.

ఇక మన విషయానికి వద్దాం. కోబాల్టు అనే లోహాన్ని నడుమ ఇముడ్చుకున్న విటమిను బీ12ను ఈ భూమి మీద తయారుచేయగలవి కొన్ని బాక్టీరియాలు, వాటివంటి ఆర్కియాలు మాత్రమే. జంతువులు చేయలేవు, మొక్కలు చేయలేవు, నాచులు కూడా చేయలేవు. నేల మీది మొక్కలకు ఆ విటమినుతో అవసరమే లేదు గనుక అవి దానిని నిలువ కూడా చేయవు. నాచుల సంగతి వేరు. 2005లో కేంబ్రిడ్జ్ శాస్త్రజ్ఞులు 326 నాచు జాతుల వివరాలను పరిశీలించగా, 171 జాతులకు బీ12 బయటనుంచి అందవలసిందేనని తేలింది. నాచు ఆహారమిస్తే, దానిని ఆశ్రయించిన బాక్టీరియాలు విటమినునిస్తాయి. అంటే ఈ విషయంలో సముద్రపు నాచుకూ మనకూ ఉన్న ఋణం ఒకటే.

మనకు రోజుకు కావలసినది సుమారు 2 మైక్రోగ్రాములు. డెబ్బై ఏళ్ళ జీవితానికి అంతా కలిపినా ఒక గ్రాములో పదోవంతు ఉండదు. ఆ కాస్త అందకపోతే ఏమవుతుందో నేను ఒక జిల్లా ఆసుపత్రిలో పనిచేస్తుండగా చూశాను. అరవై దాటిన ఒక తల్లి గోడ పట్టుకొని లోనికి వచ్చింది. “కాళ్ళకింద దూది పరచినట్టుంది బాబూ. చెప్పు జారిపోయినా తెలియడం లేదు” అంది. శాకాహారి. కఫం చేస్తుందని పెరుగు కూడా మానేసింది. అంతకు ముందు మరొకచోట రక్తహీనత ఉందని ఆరునెలలపాటు ఐరన్, ఫోలిక్ ఆమ్లం బిళ్ళలిచ్చారట. రక్తం కొంత పెరిగింది, నడక మాత్రం క్షీణించింది. కళ్ళు మూసుకొని నిలబడమంటే తూలిపోయింది. శ్రుతిదండాన్ని మోగించి చీలమండ మీద ఆనిస్తే ఆ కంపనం ఆమెకు తెలియలేదు.

ఫోలిక్ ఆమ్లం మంచి మందు. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయం వారు 1945లో దానిని కృత్రిమంగా తయారుచేశారన్నది మనకు గర్వకారణం. అయితే బీ12 లోపించినవారికి అది ఒక్కటే ఇస్తే రక్తహీనత తగ్గినట్టు కనిపిస్తుంది. నరాల నష్టం లోలోపల సాగుతూనే ఉంటుంది. ఆ తల్లికి బీ12 సూదిమందు మొదలుపెట్టాక రక్తం వారాలలో కోలుకుంది. తూలు తగ్గింది. అరికాళ్ళ స్పర్శ మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. కొన్ని నెలల ముందు వచ్చి ఉంటే ఆమె గోడ పట్టుకోనవసరం లేకుండా నడిచేదని నా నమ్మకం.

మన పెద్దపేగులోని బాక్టీరియాలు కూడా బీ12ను తయారుచేస్తాయి గదా అని మీకు సందేహం రావచ్చు. చేస్తాయి. కాని దానిని గ్రహించే చోటు చిన్నపేగు చివరిభాగం, తయారయ్యే చోటు దానికి దిగువన. అందుచేత అది మనకు దక్కదు. ఆవు, గేదె, మేకల మొదటి పొట్టలోనే బాక్టీరియాలు ఈ విటమినును తయారుచేస్తాయి గనుక అది వాటికి వంటబట్టి, పాలలోకి, మాంసంలోకి చేరుతుంది.

ఇటీవల స్పిరులినా బిళ్ళలతో బీ12 లోటు తీరుతుందని చాలామంది నమ్ముతున్నారు. దానిని నాచు అని పిలిచినా అది నిజానికి ఒక బాక్టీరియాయే. అందులో ఉండేది అధికభాగం బీ12ను పోలిన పదార్థం. మన శరీరానికి అది పనిచేయదు. నోరి వంటి ఎర్ర నాచులలో అసలైన బీ12 ఉన్నా, దాని పరిమాణం నిలకడగా ఉండదు. వాటిని నమ్ముకొని చికిత్స మానుకోకండి.

పాలు, పెరుగు కూడా ముట్టని శాకాహారులు, అరవై దాటినవారు, మధుమేహానికి ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడుతున్నవారు, ఆమ్లం తగ్గించే బిళ్ళలు దీర్ఘకాలం మింగుతున్నవారు, ఉదరానికి శస్త్రచికిత్స జరిగినవారు రక్తంలో బీ12 పరీక్ష ఒకసారి చేయించుకోండి. అరికాళ్ళలో తిమ్మిరి, చీకటిలో తూలు, నాలుక మంట, మతిమరుపు కనిపిస్తే వయసు మీద నెట్టి ఊరుకోకండి. గర్భిణులు వైద్యులిచ్చిన ఫోలిక్ ఆమ్లాన్ని మానకూడదు. బీ12 సంగతి కూడా వైద్యులను అడిగి తెలుసుకోవాలి.

ఈ లోటుకు చికిత్స సులభం, ఖరీదు తక్కువ. దుకాణంలో దొరికే బీ12 బిళ్ళ అయినా, సూదిమందు అయినా నేటికీ పెద్ద పెద్ద తొట్టెలలో బాక్టీరియాలను పెంచి, వాటి చేత చేయించుకుంటున్నదే. 1972లో ఉడ్‌వర్డ్, ఎషెన్‌మోసర్ బృందాలు ఏళ్ళ తరబడి శ్రమించి దానిని ప్రయోగశాలలో నిర్మించగలిగారు. కాని అన్ని అంచెలలో సాగే ఆ పద్ధతి మందుల తయారీకి పనికివచ్చేది కాదు. నాచు తన ఋణాన్ని ఆహారంతో తీర్చుకుంటుంది. మనం కనీసం సమయానికి పరీక్ష చేయించుకొని, ఆ సూక్ష్మజీవి ఇచ్చినదానిని వినియోగించుకుందాం.