రెండు సైకిళ్లు, ఒక వంకర గీత

పాత క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి, దాని మీద పెన్సిలుతో బాపట్ల అని రాసి చుట్టూ సున్నా చుట్టారాయన. కుడివైపు రేపల్లె. పైన తెనాలి. మధ్యలో పొన్నూరు. నాలుగు సున్నాల్నీ కలుపుతూ ఒక గీత. మొత్తం 130 కిలోమీటర్లు దాటుతుంది. అరవై ఒకటో ఏట, రెండేళ్ల నుంచీ అరిగిపోయిందని డాక్టరు చెబుతున్న మోకాలితో, సైకిలు మీద.

ఈ పురుగు తొలిచింది మేనల్లుడు. స్పెయిన్‌లో వాలెన్సియాలో ఉద్యోగం. అక్కడ మూతపడ్డ రైలుమార్గాల పట్టాలు పీకేసి, సైకిళ్లకీ నడిచేవాళ్లకీ దారులుగా మార్చారు. 1993లో మొదలుపెట్టిన ఆ పథకం పేరు 'వియాస్ వెర్దెస్', అంటే పచ్చని బాటలు. వాటన్నిట్లోకీ పొడవైనది 'ఓహోస్ నెగ్రోస్' బాట. ఒకప్పుడు గనుల నుంచి సగుంతో రేవుకి ఇనుపరాయి మోసిన రైలుదారి అది. ఓహోస్ నెగ్రోస్ అంటే నల్లకళ్లు అని చెప్పాడు కుర్రాడు. టెరుయేల్ పీఠభూమి మీద నుంచి మధ్యధరా సముద్రం దాకా తొక్కుకుంటూ దిగాడట. సొరంగాలు, వంతెనలు, బాదం తోటలు... ఫొటోలన్నీ పంపి, కింద ఒక ముక్క పెట్టాడు. "మావయ్యా, నాకు సైకిలు నేర్పింది నువ్వే. సంక్రాంతికి వస్తున్నా. మన ఊళ్లో ఒక చుట్టు వేద్దాం. కష్టంగా ఉండాలి సుమా!"

కష్టంగా ఉండాలట! కృష్ణా పశ్చిమ డెల్టాలో కష్టమైన దారి ఎక్కడ దొరుకుతుంది? కొండా లేదు, గుట్టా లేదు. సైకిలు ఎక్కువలో ఎక్కువ ఎక్కాల్సింది కాలవ మీది వంతెన. కానీ ఆయన ముప్ఫై ఏళ్లు ఇదే నేల మీద సైకిలు మీదే ఉద్యోగానికి వెళ్లొచ్చిన మనిషి. చదును నేలలో ఎగుడు ఎక్కడ దాక్కుంటుందో తెలుసు. గాలిలో!

కొండ ఎక్కితే దిగుడు ఉంటుంది. ఎదురుగాలికి దిగుడు లేదు. అందుకే చుట్టు ఎటు నుంచి ఎటు తిరగాలన్న దాని మీదే మూడు రోజులు ఆలోచించారు. సంక్రాంతి రోజుల్లో ఈశాన్యపు గాలి. మధ్యాహ్నం దాటితే సముద్రం మీంచి ఆగ్నేయపు గాలి తోడవుతుంది. ముందు పొన్నూరు, తెనాలి వెళ్తే మొదటిరోజంతా ఎదురీతే. పైగా తెనాలి నుంచి రేపల్లెకి దిగేటప్పుడు సముద్రపు గాలి ముఖాన కొడుతుంది. అదే తిరగేసి చూస్తే? చల్లటి పొద్దున్నే, ఒంట్లో సత్తువ ఉన్నప్పుడే ఎదురుగాలిలో రేపల్లె. మధ్యాహ్నం సముద్రపు గాలి వీపు మీద చెయ్యి వేసి నెడుతుంటే వాయవ్యంగా తెనాలి. రాత్రికి అక్కడ పడక. మర్నాడు ఈశాన్యపు గాలి వెనక నుంచి తోస్తుంటే పొన్నూరు మీదుగా ఇంటికి.

"అంత లెక్క మా పెళ్లికి ముహూర్తం పెట్టేటప్పుడు కూడా వెయ్యలేదు" అందావిడ కాఫీ గ్లాసు పక్కన పెడుతూ.

ఆయన పట్టించుకోలేదు. వేరే కాగితం మీద జాబితా రాస్తున్నారు. రెండు ట్యూబులు, సొల్యూషను, గాలిపంపు, స్పానరు. కొత్త బ్రేకు రబ్బర్లు, కొత్త చెయిను. కాలవకట్ట మీదికి వెళ్లేది కట్ట పొడిగా ఉంటేనే. ఒక్క వాన పడినా ఆ నల్లరేగడి మడ్‌గార్డులో దూరి, చక్రాన్ని ముద్దలా పట్టేస్తుంది. ఆ తర్వాత సైకిలు మనల్ని మొయ్యదు, మనమే దాన్ని మొయ్యాలి. మోకాలు మొండికేస్తే భట్టిప్రోలులో ఆగొచ్చు. బౌద్ధస్తూపం దగ్గర కాసేపు కూర్చోవచ్చు. 1892లో అలెగ్జాండర్ రే తవ్వించినప్పుడు ధాతువుల భరిణెలు, వాటి మీద పాత బ్రాహ్మీ రాతలు బయటపడింది అక్కడే. అప్పటికీ కాలు కదలకపోతే రేపల్లె-తెనాలి రైలుంది. 34 కిలోమీటర్ల లైను. రైలెక్కితే పరువు పోతుంది గానీ ప్రాణం మిగులుతుంది.

అంతా సిద్ధం చేసి, కాగితానికి ఫొటో తీసి వాట్సప్‌లో పంపారు. రాత్రికి జవాబు వచ్చింది.

"సూపర్ మావయ్యా. కానీ సముద్రం పక్కన చుట్టు వేస్తూ నిజాంపట్నం లేకపోతే ఎలా? గీత అక్కడ లోపలికి వంగిపోయిందేం?"

నిజమే. బాపట్ల నుంచి కర్లపాలెం దాకా తిన్నగా వచ్చిన పెన్సిలు గీత, ఆ తర్వాత తీరాన్ని వదిలేసి 216 హైవే పట్టుకుని చెరుకుపల్లి మీదుగా రేపల్లె వెళ్లిపోయింది. నిజాంపట్నం ఏమీ చిన్న ఊరు కాదు. పెటపోలి అన్న పేరుతో డచ్చివాళ్లు 1606లోనే అక్కడ వ్యాపారం పెట్టారు. 1611లో ఇంగ్లీషువాళ్ల గ్లోబ్ ఓడ మచిలీపట్నానికి ముందు ఆగింది ఆ రేవులోనే. చరిత్రంటే చెవి కోసుకునే ఆయన దాన్ని మర్చిపోతారా?

"ఆ రోడ్డు బాగాలేదురా" అని కొట్టి పంపారు.

ఆవిడ భుజం మీంచి చదివింది. "పదకొండేళ్ల నుంచీ బాగుపడలేదా ఆ రోడ్డు?" అంది.

ఆ దారిలోనే ఆయన అక్కగారి ఊరు. మేనల్లుడి అమ్మ. నాన్నగారు పోయాక నలభై సెంట్ల పొలం దగ్గర మాటా మాటా వచ్చింది. ఎవరు ముందు అన్నారో ఇప్పుడు ఇద్దరికీ గుర్తుండి ఉండదు. బావగారు పోయినప్పుడు వెళ్లారు. గుమ్మం ముందు నిలబడి, పచ్చి మంచినీళ్లు తాగకుండా వచ్చేశారు. మేనల్లుడు మాత్రం రెండిళ్ల మధ్యా తిరుగుతూనే ఉన్నాడు, ఏమీ జరగనట్టు.

ఆ రాత్రి ఆయనకి నిద్ర పట్టలేదు. ఆ రోడ్డు మీద ఆయన ఎక్కిన మొదటి సైకిలు ప్రయాణం 1977 నవంబరులో. 19వ తేదీ తుఫాను. దివిసీమను ఉప్పెన మింగేసిందని, పది వేల మందికి పైగా పోయారని తర్వాత తెలిసింది గానీ, ఆ రెండు రోజులూ ఏ ఊరి సంగతి ఆ ఊరికే తెలియదు. అక్కకి పెళ్లై ఆర్నెల్లు. నాన్న సైకిలు తీశాడు. క్యారేజీకి అటుకుల మూట కట్టాడు. పదమూడేళ్ల కొడుకుని బారు మీద కూర్చోబెట్టి, మంచినీళ్ల డబ్బా ఒళ్లో పెట్టాడు. బావుల్లో ఉప్పునీళ్లు చేరి ఉంటాయన్నాడు. అంతే, దారంతా ఇంకో మాట లేదు.

రోడ్డుకి అడ్డంగా తాడిచెట్లు. చెట్టు వచ్చినప్పుడల్లా దిగడం, సైకిలు భుజాన వేసుకుని నాన్న దాటడం, డబ్బా గుండెకి హత్తుకుని వెనక తాను దాటడం. తెల్లవారకముందు బయల్దేరితే, చేరేసరికి పొద్దుగూకింది. అక్క బడి అరుగు మీద కూర్చుని ఉంది. నాన్నని చూసి ఏడవలేదు. తమ్ముడి చేతిలోంచి డబ్బా అందుకుని, మూత తీసి, ముందు వాడికే తాగించింది.

ఇంతకన్నా కష్టమైన దారి ఈ డెల్టాలో ఆయనకి తెలియదు. స్పెయిన్‌లోనూ ఉండదేమో.

తెల్లారి లేచి రబ్బరు తీసుకున్నారు. చెరుకుపల్లి మీది గీత చెరిపేశారు. కర్లపాలెం తర్వాత పెన్సిలుని కిందికి, సముద్రం వైపు లాగారు. చెరిపిన మరక కాగితం మీద అలాగే ఉండిపోయింది. తర్వాత ఫోను తీశారు. ఆ నంబరు చూడకుండానే నొక్కగలరు. పదకొండేళ్లు నొక్కలేదంతే.

"అక్కా, నేను. పండగ మర్నాడు నేనూ అబ్బాయీ సైకిళ్ల మీద అటు వస్తున్నాం."

అవతల కాసేపు చప్పుడు లేదు. కోడి కూత వినిపించింది.

"ఎన్నింటికి బయల్దేరతారు?"

"నాలుగింటికి."

"అంత చీకట్లో రాకండి. రోడ్డు మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పెడుతున్నారు. కనబడవు. తెల్లారాక రండి."

"తెల్లారాక బయల్దేరితే ఎండెక్కుతుంది కదే."

"ఎక్కితే ఎక్కింది. భోజనానికి ఉండండి. నీ మోకాలు ఎట్లా ఉంది?"

మోకాలి సంగతి అక్కకి ఎవరు చెప్పారో ఆయన అడగలేదు. అడగాల్సిన పని లేదు.

ఫోను పెట్టేసి కాగితం ముందు కూర్చున్నారు. నాలుగు కొట్టేసి ఆరు రాశారు. నిజాంపట్నం ముందు 'అక్క ఇల్లు - గంట' అని రాశారు. ఆవిడ వచ్చి చూసింది. పెన్సిలు తీసుకుని 'గంట' కొట్టేసి 'రాత్రి' అని రాసింది. మూడు రోజులు కూర్చుని వేసిన గాలి లెక్కంతా తప్పింది. రెండు రోజుల చుట్టు మూడు రోజులైంది.

ఆయన ఏమీ అనలేదు. రెండో కాగితం తీసి, జాబితాలో ట్యూబుల కింద ఇంకో మాట చేర్చారు.

మంచినీళ్ల డబ్బా.